తెలుగు సిద్ధాంత గ్రంథంలో సైటేషన్ బ్రాకెట్ ఎక్కడ పడాలి? కామా, చుక్క, ‘అని’ల మీద చర్చ

పడుగుపేక (పరిశోధక విద్యార్థిని, తెలుగు శాఖ)

నమస్కారం. నేను కోస్తా జిల్లాల చేనేత వృత్తిపదాల మీద పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాన్ని తెలుగులో రాస్తున్నాను. ఆధారాల సూచనకు ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతి ఏడవ కూర్పును పాటించాలని మా విశ్వవిద్యాలయ నియమావళిలో ఒక్క వాక్యం ఉంది. ఆ కూర్పు చూపే ఉదాహరణలన్నీ ఇంగ్లీషు వాక్యాలే. మన వాక్యం క్రియతో ముగుస్తుంది, ఒకరి మాటను ఎత్తి రాసినప్పుడు దాని వెంట ‘అని’ వస్తుంది, పేర్లకూ సంవత్సరాలకూ విభక్తి ప్రత్యయాలు అంటుకుంటాయి. వీటి నడుమ బ్రాకెట్ ఎక్కడ పడాలో, కామా, చుక్క దానికి ఏ పక్కన ఉండాలో తేల్చుకోలేకపోతున్నాను.

పరిశోధన సంఘంలోని పెద్దలు ఇద్దరు రెండు విధాలుగా చెప్పారు. బ్రాకెట్ ఎప్పుడూ వాక్యం చివర, చుక్కకు ముందు ఉండాలని ఒకరి అభిప్రాయం. రచయిత పేరు పక్కనే ఉండాలని మరొకరి అభిప్రాయం. ఒకే విషయాన్ని మూడు రకాలుగా రాసి కింద పెడుతున్నాను. పుట సంఖ్యలు రూపం చూపడానికి మాత్రమే వేశాను. కొటేషన్ లోపలి చుక్కలు ఎత్తి రాసిన మాటలకు గుర్తు.

“…” అని భద్రిరాజు కృష్ణమూర్తి పేర్కొన్నారు (1971, పు. 12).

“…” అని భద్రిరాజు కృష్ణమూర్తి (1971, పు. 12) పేర్కొన్నారు.

“…” (కృష్ణమూర్తి, 1971, పు. 12) అని పదకోశంలో ఉంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1971లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం రెండవ సంపుటం, అంటే చేనేత పదాల సంపుటం, నాకు ప్రధాన ఆధారం. దాన్ని దాదాపు ప్రతి పుటలోనూ ఉదహరించవలసి వస్తుంది కాబట్టి ఒక పద్ధతి స్థిరపరచుకున్న తరువాతే మిగిలిన అధ్యాయాలు రాద్దామనుకుంటున్నాను. అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

దిద్దుబాటు (పరిశోధన పత్రిక సంపాదక వర్గం)

పడుగుపేక గారూ, మూడింటిలో మొదటిదాన్ని వదిలేయండి. అది ఇంగ్లీషు వాక్యం చివర కనిపించే బ్రాకెట్‌ను కారణం చూడకుండా తెలుగులోకి తెచ్చుకున్న రూపం. ఇంగ్లీషులో ‘ఫలానావారు చెప్పారు’ అన్న భాగం ముందు వస్తుంది, వారి మాట తరువాత వస్తుంది. అందువల్ల ఎత్తి రాసిన మాట ముగిసే చోటూ వాక్యం ముగిసే చోటూ ఒకటే అవుతాయి. బ్రాకెట్ వాక్యం చివర ఉన్నట్టు కనిపించినా అది నిజానికి ఎత్తి రాసిన మాట చివరనే ఉంది. తెలుగులో ఆ రెండు చోట్లూ విడిపోతాయి. మాట ‘అని’కి ముందే ముగుస్తుంది, వాక్యం ‘పేర్కొన్నారు’ దగ్గర ముగుస్తుంది. అప్పుడు బ్రాకెట్ దేనిని అంటిపెట్టుకోవాలి అన్నది అసలు ప్రశ్న. అది అరువు తెచ్చుకున్న మాటనే అంటిపెట్టుకోవాలని నా దృఢమైన అభిప్రాయం, ఎందుకంటే ఎక్కడిదాకా ఇతరులది, ఎక్కడినుంచి మనది అని చదువరికి చూపడానికే ఆ బ్రాకెట్ ఉంది.

నేరుగా మాటలు ఎత్తి రాసే సందర్భంలో తెలుగుకు చక్కగా అమరే రూపం ఏపీఏలోనే ఉంది. రచయిత పేరు వాక్యంలో భాగమైతే సంవత్సరం పేరు పక్కన, పుట సంఖ్య కొటేషన్ ముగిసిన వెంటనే రావాలని ఆ పద్ధతి చెబుతుంది. అలా రాస్తే మీ వాక్యం ఇలా ఉంటుంది:

కృష్ణమూర్తి (1971) “…” (పు. 12) అని పేర్కొన్నారు.

కర్త ముందు రావడం మన వాక్యానికి సహజం. చదువరికి మొదటి మాటలోనే ఎవరి అభిప్రాయమో తెలుస్తుంది, పుట సంఖ్య మాట పక్కనే ఉంటుంది, ‘అని’ తరువాత వచ్చేది మీ గొంతు అని స్పష్టమవుతుంది. మీ మూడవ రూపం కూడా సరైనదే. రచయిత పేరును వాక్యంలోకి తీసుకురావలసిన అవసరం లేనప్పుడు అదే వాడండి.

ఇక కొటేషన్ లోపలి విరామ చిహ్నాలు. మూలంలోని వాక్యం చుక్కతో ముగిసినా, ‘అని’ ముందు ఆ చుక్కను తీసేయండి, ఎందుకంటే మీ వాక్యం ఇంకా నడుస్తోంది. ప్రశ్నార్థకమూ ఆశ్చర్యార్థకమూ మాత్రం మూల రచయితవి కనుక కొటేషన్ లోపలే ఉంచాలి. అమెరికన్ పద్ధతిలో కామా, చుక్క కొటేషన్ గుర్తుకు లోపల పడతాయి. తెలుగులో ఆ అలవాటు తెచ్చుకోవద్దని నా సలహా. మూలంలో లేని కామా మూల రచయిత నోట పెట్టినట్టు కనిపించడం పరిశోధన గ్రంథానికి తగదు.

కృష్ణాతీరం (విశ్రాంత తెలుగు ఆచార్యులు)

అమ్మా, దిద్దుబాటు గారి తర్కం బాగుంది. కాని ప్రతి వాక్యం నడుమ రెండేసి బ్రాకెట్లు వచ్చిపడితే తెలుగు వాక్యం నడక చెడుతుంది. మా తరంలో తెలుగు శాఖల్లో వచ్చిన సిద్ధాంత గ్రంథాలలో ఎక్కువ భాగం పాదసూచికలతోనో, అధ్యాయం చివరి సూచికలతోనో వచ్చాయి. చదివేవాడు వాక్యాన్ని నిరాటంకంగా చదివి, అనుమానం వచ్చిన చోట కిందికి చూసుకునేవాడు. దానిలో ఉన్న గౌరవం ఈ బ్రాకెట్లలో నాకు కనిపించదు.

ప్రాచీన కావ్యాల సంగతి మరీ వేరు. ‘నన్నయ, 1969’ అని రాసిన గ్రంథాలను నేను పరీక్షకుడిగా చూశాను. పదకొండవ శతాబ్దపు కవి పేరు పక్కన అచ్చుయంత్రం నాటి సంవత్సరం పెడితే చదువరికి ఏం తెలుస్తుంది? మనకు పర్వమూ ఆశ్వాసమూ పద్య సంఖ్యా చెప్పే చక్కని సంప్రదాయం ఉంది. నన్నయ రచన ఎక్కడ ఆగిందంటే (అరణ్య. 4-142) అని రాస్తే చాలు. ఏ ముద్రణ చేతిలో ఉన్నవాడైనా అరణ్యపర్వం నాలుగవ ఆశ్వాసం 142వ పద్యం తీసి చూసుకుంటాడు. వావిళ్ల ప్రతిలో పుట సంఖ్య వేరు, తిరుపతి దేవస్థానం ప్రతిలో వేరు. పుట సంఖ్య పట్టుకుంటే ఈ రెండు ప్రతుల పాఠకులు ఒకరినొకరు కలుసుకోలేరు.

బాలవ్యాకరణ సూత్రాలకూ అంతే. పరిచ్ఛేదం పేరు, సూత్ర సంఖ్య ఇవ్వాలి గాని పుట ఇవ్వకూడదు.

దిద్దుబాటు

మాస్టారూ, కావ్యాల పుట సంఖ్యల విషయంలో మీ మాటే ఏపీఏ మాట కూడా. అన్ని కూర్పులలోనూ ఒకే తీరున సంఖ్యలున్న ప్రాచీన గ్రంథాలకు పుట బదులు ఆ విభాగ సంఖ్యలే ఇవ్వాలని ఏడవ కూర్పు స్పష్టంగా చెబుతుంది. కాబట్టి పుట బదులు అరణ్య. 4-142 అని రాసినంత మాత్రాన విద్యార్థిని నియమం తప్పినట్టు కాదు. అయితే మూడు జాగ్రత్తలు అవసరం. పాఠం ఏ ముద్రణ నుంచి తీసుకున్నారో మొదటిసారి ఉదహరించిన చోట చెప్పి తీరాలి, ఎందుకంటే పాఠభేదాలు ఉంటాయి. రెండవది, వేమన పద్యాల వంటి వాటికి అన్ని ముద్రణలకూ ఉమ్మడిగా చెల్లే సంఖ్య లేదు. ఒక్కొక్క సంకలనకర్త ఒక్కొక్క వరుస పెట్టుకున్నారు. అక్కడ సంకలనం పేరు లేకుండా సంఖ్య ఒక్కటే ఇస్తే అది ఎవరికీ అక్కరకు రాదు.

మూడవదాన్ని చాలామంది గమనించరు. ఆశ్వాసానికీ పద్యానికీ నడుమ మనం పెట్టే చిన్న గీత, పుటల వ్యాప్తిని చూపే గీత, రెండూ ఒకే గ్రంథంలో పక్కపక్కన కనిపిస్తాయి. (ఆది. 1-26) అన్నప్పుడు అది మొదటి ఆశ్వాసం 26వ పద్యం. తెలుగు సాహిత్యంతో పరిచయం లేని పరీక్షకుడు దాన్ని ఒకటి నుంచి ఇరవై ఆరు వరకు పుటలు అని చదవగలడు. అందుకే మా పత్రికలో పద్యాలకు పొట్టి గీత వాడి దాని ముందు ‘పు.’ ఎన్నడూ రాయం. పుటల వ్యాప్తికి పొడవు గీత వాడి దాని ముందు ‘పుటలు’ అని తప్పక రాస్తాం. (పుటలు 12–15) అని చూడగానే అనుమానం ఉండదు.

పాదసూచికల గురించి మీతో విభేదిస్తున్నాను. అధ్యాయం చివర పెట్టిన సూచికలలో ‘పైదే, పు. 30’ అన్న రూపం కోకొల్లలుగా ఉంటుంది. రాతప్రతిలో ఒక పేరాను జరిపినా, నడుమ కొత్త సూచిక చేరినా ఆ ‘పైదే’ మరొక గ్రంథాన్ని చూపడం మొదలుపెడుతుంది, ఆ తేడా ఎవరి కంటా పడదు.

తీరందాటినకలం (చరిత్ర పరిశోధకుడు, అమెరికా)

‘పైదే’ మీద దిద్దుబాటు గారు చెప్పినదానికి ఒక చేర్పు. షికాగో (షికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్) పద్ధతిలో పాదసూచికలు నేటికీ ప్రాణంతోనే ఉన్నాయి. మా చరిత్ర శాఖల్లో అవే ప్రధానం. అయితే ‘పైదే’కు సమానమైన లాటిన్ సంక్షేప పదాన్ని వాడవద్దనీ, రచయిత ఇంటిపేరూ కుదించిన గ్రంథ నామమూ మళ్లీ రాయమనీ 2017 నాటి పదిహేడవ కూర్పు నుంచి ఆ పద్ధతే సలహా ఇస్తోంది. కృష్ణాతీరం గారు పాదసూచికలను నిలుపుకుంటూనే ఆ ఒక్క అలవాటును వదలవచ్చు. సూచిక సంఖ్య చుక్కకూ కామాకూ తరువాత, కొటేషన్ గుర్తుకు కూడా తరువాత పడాలన్నది అందులో మరో నియమం. తెలుగులో సంఖ్యను ‘అని’ ముందు, కొటేషన్ గుర్తు ముగియగానే పెట్టాలి. ఇక్కడ కూడా సంఖ్య అంటిపెట్టుకోవలసింది మాటనే.

రచయిత పేరు, సంవత్సరం బ్రాకెట్‌లో పెట్టే పద్ధతికి మూలం 1881లో హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ నత్తజాతి మీద రాసిన వ్యాసమని చెబుతారు. ఎవరు ఎప్పుడు కనుగొన్నారన్నది ముఖ్యమైన విజ్ఞాన శాస్త్రాలకు సంవత్సరం ముందుకు రావడం సహజం. సాహిత్యంలో సంవత్సరం కంటే పుట ముఖ్యం కనుక ఎం.ఎల్.ఏ. (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతి సంవత్సరాన్ని వదిలి, కామా కూడా లేకుండా (కృష్ణమూర్తి 12) అని మాత్రమే రాస్తుంది. విద్యార్థిని తన నియమావళి ప్రకారం ఏపీఏనే పాటించాలి కాని, ఏ గుర్తు ఎందుకు పుట్టిందో తెలిస్తే తెలుగులో దాన్ని ఎక్కడ సవరించుకోవచ్చో తెలుస్తుంది.

మరొక ముఖ్యమైన విషయం. చేనేత పదాల మీద పని అంటే బ్రౌన్ నిఘంటువును ఉదహరించక తప్పదు. ‘బ్రౌన్, 1852’ అని రాసిన వ్యాసాలు ఎన్నో చూశాను. 1852 మొదటి ముద్రణ సంవత్సరం. ఇవాళ అంతర్జాలంలో ఎక్కువమంది వెదుకుతున్నది వేంకటరత్నం, క్యాంప్‌బెల్, కందుకూరి వీరేశలింగం సవరించిన 1903 నాటి రెండవ ముద్రణ. సవరించిన ముద్రణలోని అర్థాన్ని చూసి, పక్కన 1852 అని వేస్తే, బ్రౌన్ రాయని మాటను బ్రౌన్‌కు అంటగట్టే ప్రమాదం ఉంది. చూసిన ప్రతి ఏదో ఆ సంవత్సరమే రాయండి. నిఘంటువుకు పుట సంఖ్య కంటే ఆరోపం, అంటే ఏ పదం కింద అర్థం ఇచ్చారో ఆ పదం, ఇవ్వడం మేలు: (బ్రౌన్, 1903, ‘మగ్గము’ కింద).

పడుగుపేక

అందరికీ ధన్యవాదాలు. బ్రౌన్ సంగతి నాకు చాలా ఉపయోగం. నేను చూస్తున్నది 1903 ప్రతే.

ఇంకో చిక్కు. కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన 1985 నాటి ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని ఉదహరించాలి. ఇంగ్లీషు బ్రాకెట్‌లో ఇద్దరి పేర్ల నడుమ ఒక గుర్తు ఉంటుంది. తెలుగులో ‘మరియు’ రాయడం మా పర్యవేక్షకులకు ఇష్టం లేదు, నాకూ ఇష్టం లేదు. కామా పెడితే (కృష్ణమూర్తి, గ్విన్, 1985, పు. 40) అవుతుంది. మూడు కామాలు మూడు వేరు పనులు చేస్తున్నాయి. అలాగే విభక్తులు: కృష్ణమూర్తి (2003)లో అని రాయాలా, కృష్ణమూర్తిలో (2003) అని రాయాలా?

ధాతుపాఠం (భాషాశాస్త్ర అధ్యాపకురాలు)

విభక్తుల ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే దీనిలో తెలుగు మనకు ఒక మంచి వెసులుబాటు ఇస్తోంది. కృష్ణమూర్తి అన్నది మనిషి పేరు. కృష్ణమూర్తి (2003) అన్నది గ్రంథం పేరు. ప్రత్యయం మనిషికి చెందితే పేరుకు అంటించండి, గ్రంథానికి చెందితే బ్రాకెట్‌కు అంటించండి. ‘కృష్ణమూర్తికి (1971) పలు జిల్లాల నుంచి పదాలు అందాయి’ అన్నప్పుడు అందినది మనిషికి. ‘ఈ ధాతువు చర్చ కృష్ణమూర్తి (1961)లో ఉంది’ అన్నప్పుడు చర్చ ఉన్నది గ్రంథంలో. బ్రాకెట్‌కూ ప్రత్యయానికీ నడుమ ఖాళీ ఉండకూడదు. ‘(1961) లో’ అని విడదీసి రాస్తే పంక్తి చివర ‘లో’ ఒంటరిగా కిందికి జారిపోతుంది.

ఇద్దరు రచయితల విషయంలో కామాల రద్దీ నిజమైన సమస్యే. భాషాశాస్త్ర పత్రికల్లో సంవత్సరం ముందు కామా ఉండదు, పుట ముందు కోలన్ ఉంటుంది. (కృష్ణమూర్తి, గ్విన్ 1985: 40) అని రాస్తే ఒకే కామా మిగులుతుంది, అది రెండు పేర్లను మాత్రమే విడదీస్తుంది. పేర్ల నడుమ చిన్న గీత పెట్టేవారూ ఉన్నారు కాని, దాన్ని ఒకే మనిషి జంట పేరుగా చదివే వీలుంది కనుక నేను సమ్మతించను. మీ నియమావళి ఏపీఏ అంటోంది కాబట్టి ఈ కోలన్ రూపాన్ని వాడుకోవడానికి పర్యవేక్షకుల లిఖితపూర్వక అనుమతి తీసుకుని, పీఠికలో ‘ఈ గ్రంథంలో ఆధార సూచన రూపం’ అని ఒక పేరా రాయండి. అనుమతి దొరకకపోతే వాక్యంలోనే పేర్లు చెప్పేయండి: ‘కృష్ణమూర్తి, గ్విన్‌లు (1985) ఈ రూపాన్ని వివరించారు.’ ‘లు’ చేరగానే ఇద్దరు అని తెలిసిపోతుంది, ‘మరియు’ అవసరం పడదు.

ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే ఏడవ కూర్పు మొదటిసారి నుంచే మొదటి పేరు ఒక్కటి ఇచ్చి మిగతా వారిని కుదించమంటుంది. ఆరవ కూర్పులో అయితే ముగ్గురు నుంచి ఐదుగురి దాకా మొదటిసారి అందరి పేర్లూ రాయవలసి ఉండేది. మీ పర్యవేక్షకులు పాత నియమం చెబుతుంటే ఈ తేడాను వినయంగా చూపండి. తెలుగులో ‘తదితరులు’ చాలు.

పేర్ల వరుస గురించి కూడా ఇప్పుడే నిర్ణయించుకోండి. భద్రిరాజు ఇంటిపేరు, కృష్ణమూర్తి సొంత పేరు. ఇంగ్లీషు ప్రచురణల్లో ఆయన కృష్ణమూర్తిగానే అకారాది క్రమంలో కనిపిస్తారు. తెలుగు గ్రంథసూచిలో ‘భద్రిరాజు కృష్ణమూర్తి’ అని ‘భ’ కింద పెట్టి, లోపల వాక్యంలో (కృష్ణమూర్తి, 2003) అని రాస్తే చదువరి ‘క’ కింద వెదికి దొరకక వెనుదిరుగుతాడు. బ్రాకెట్‌లోని మొదటి మాటే గ్రంథసూచిలోని మొదటి మాట కావాలి. ఆచార్యులు వెల్చేరు నారాయణరావు గారి విషయంలో ఇది ఇంకా స్పష్టం. ఆయనను కొన్ని చోట్ల ‘నారాయణరావు’ కింద, కొన్ని చోట్ల ‘రావు’ కింద చేరుస్తున్నారు. రావు అన్నది ఇంటిపేరు కాదు; ఆ ఒక్క మాట కింద చేరిస్తే తెలుగు గ్రంథసూచిలో ఎవరెవరో రావులు ఒకచోట గుంపు అవుతారు.

గ్రంథాలయమెట్లు (విశ్వవిద్యాలయ గ్రంథాలయ ఉద్యోగి)

గ్రంథం సమర్పించే ముందు సారూప్య పరీక్ష, అంటే ఇతరుల రాతలతో ఎంత కలుస్తుందో చూసే పరీక్ష, చేసే పని నాది, కనుక ఆ వైపు నుంచి చెబుతాను. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నాటి నిబంధనల ప్రకారం పది శాతం వరకు సారూప్యానికి శిక్ష లేదు. పది దాటి నలభై శాతం వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించిన ప్రతి ఇవ్వాలి. నలభై దాటి అరవై వరకు ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి సమర్పించే వీలుండదు. అరవై దాటితే నమోదు రద్దవుతుంది. తగిన విధంగా మూలం చెప్పి ఎత్తి రాసిన భాగాలు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. సామాన్య జ్ఞానమో యాదృచ్ఛికమో అయిన పదాలు వరుసగా పద్నాలుగు వరకు ఉన్నా లెక్కలోకి రావు.

కొటేషన్ గుర్తు విలువ ఇక్కడ తెలుస్తుంది. మూలం పేరు చెప్పి కూడా గుర్తులు పెట్టకపోతే, ఎత్తి రాసిన మాట మీ మాటగా లెక్కకు వస్తుంది. తెలుగు అచ్చులో ఒంటి గుర్తులు వాడే అలవాటు ఎక్కువ. వాటిని అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకే తీరున పట్టుకోవు, కనుక ఎత్తి రాసిన మాటలకు జంట గుర్తులు, పదాల ప్రస్తావనకు ఒంటి గుర్తులు వాడమని మా విద్యార్థులకు చెబుతాను. గుర్తు తెరిచిన చోటల్లా మూసి ఉందో లేదో ఒకసారి వెదికి చూసుకోవాలి. మూయని ఒక్క గుర్తు ఒక పేరా మొత్తాన్ని తారుమారు చేయగలదు.

ధాతుపాఠం

ఆ పద్నాలుగు పదాల సంగతి ప్రత్యేకంగా ఆలోచించవలసినది. ఇంగ్లీషులో ఆరేడు పదాలతో చెప్పేది తెలుగులో మూడు నాలుగు పదాల్లో ఇమిడిపోతుంది, ఎందుకంటే మన ప్రత్యయాలూ సహాయక క్రియలూ పదంలోనే కలిసిపోతాయి. పద్నాలుగు తెలుగు పదాలు అంటే తరచుగా ఒక నిండు వాక్యం, అప్పుడప్పుడు రెండు. నిబంధన అనుమతించింది కదా అని తెలుగులో అంత పొడవు ఎత్తి రాసి గుర్తులు పెట్టకపోవడం నిజాయతీ కాదు.

ఏపీఏ నలభై పదాల నియమం కూడా ఇలాంటిదే. నలభై పదాలు లేదా అంతకు మించిన మాటను విడి పేరాగా, అర అంగుళం లోపలికి జరిపి, కొటేషన్ గుర్తులు లేకుండా రాయాలి. తెలుగులో నలభై పదాలంటే ఇంగ్లీషులో కంటే ఎక్కువ మాట ఇముడుతుంది. ఎం.ఎల్.ఏ. పద్ధతి వచనానికి నాలుగు పంక్తులు దాటితే విడి పేరా చేయమంటుంది. తెలుగు గ్రంథాలకు ఆ పంక్తి లెక్కే న్యాయంగా ఉంటుందని నా అభిప్రాయం.

కృష్ణాతీరం

ధాతుపాఠం గారూ, పద్యాన్ని ఎటూ విడిగానే రాస్తాం కాబట్టి అక్కడ తగువు లేదు. ఉ., చ., కం., సీ. అని ఛందస్సు ముందు వేసి, పద్యం ముగిశాక కుడివైపున (అరణ్య. 4-142) అని పెడతాం. విడి పేరాగా వచ్చిన వచనానికి చుక్క ముందా, బ్రాకెట్ ముందా?

దిద్దుబాటు

మాస్టారూ, అక్కడ వరుస తిరగబడుతుంది. వాక్యంలో కలిసిన సైటేషన్‌కు బ్రాకెట్ తరువాత చుక్క. విడి పేరాకు ముందు చుక్క, ఆపైన బ్రాకెట్, దాని తరువాత ఏ గుర్తూ ఉండదు. విడి పేరాలో కొటేషన్ గుర్తులు లేవు కనుక ఆ చుక్కే మూల రచయిత మాటకు సరిహద్దు. పద్యం విషయంలో మీరు చెప్పిన సంప్రదాయం కూడా సరిగ్గా ఇదే.

తెలుగులో విడి పేరా తరువాత ‘అని’తో కొత్త పంక్తి మొదలుపెట్టే అలవాటు ఉంది. దాన్ని వదిలి, పేరాకు ముందే ‘కృష్ణమూర్తి (1971) ఇలా రాశారు:’ అని కోలన్‌తో ముగించడం మేలు.

సంకేతశోధన (ఇంజినీరింగ్ అధ్యాపకుడు)

మా రంగంలో ఐట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల సంస్థ) పద్ధతి కనుక చదరపు బ్రాకెట్‌లో సంఖ్య ఒక్కటే ఉంటుంది, అది చుక్కకు ముందు పడుతుంది. వైద్య పత్రికల సంపాదకులు 1978లో వాంకూవర్‌లో కూర్చుని స్థిరపరచిన పద్ధతీ ఇలాగే ప్రస్తావన వరుసలో సంఖ్యలు ఇస్తుంది. తెలుగులో విజ్ఞాన శాస్త్ర వ్యాసాలు రాసేవారికి ఇది సులువు, ఎందుకంటే సంఖ్యకు ప్రత్యయాలతో పేచీ లేదు. కాని మాటల చరిత్ర మీద రాసే గ్రంథంలో ఎవరు ఏ కాలంలో చెప్పారన్నది వాక్యంలోనే కనిపించాలి. పడుగుపేక గారికి నేను దీన్ని సూచించను.

పడుగుపేక

చివరగా ఒకటి. మంగళగిరి, చీరాల, పెడన ప్రాంతాల నేతకార్మికుల నుంచి నేను సేకరించిన మాటలు గ్రంథంలో ఎన్నో ఉన్నాయి. “వానాకాలం గుంటమగ్గంలోకి నీరు ఊరుతుంది” వంటి వాక్యాలకు బ్రాకెట్‌లో ఏం రాయాలి? వ్యక్తిగత సంభాషణ అని రాసి, పేరు, తేదీ ఇవ్వమని ఒకరు అన్నారు.

ధాతుపాఠం

వద్దమ్మా. వ్యక్తిగత సంభాషణ అన్న రూపం, చదువరి వెదికి చూసుకోలేని ఉత్తరానికో ఫోన్ సంభాషణకో చెల్లుతుంది. మీ పరిశోధనలో పాల్గొన్నవారి మాటలు మీ దత్తాంశం. ఏపీఏ ఏడవ కూర్పు వాటిని వ్యక్తిగత సంభాషణగా చూపవద్దనే చెబుతుంది. వారి పేర్లు బయటపెట్టడం సరికాదు కూడా. (వక్త 7, మంగళగిరి) అని ఒక సంకేతం ఇచ్చి, వయసు, అనుభవం, నేసే రకం వంటి వివరాలను అనుబంధంలో ఒక పట్టికగా పెట్టండి. గ్రంథసూచిలో వారిని చేర్చనక్కరలేదు. ఆ వాక్యాన్ని వాడుకలో ఉన్నది ఉన్నట్టుగా రాయండి, గ్రాంథికం చేయకండి. కొటేషన్ గుర్తుల లోపల మార్చే హక్కు మనకు లేదు. అర్థం కాని మాటకు వివరణ అవసరమైతే చదరపు బ్రాకెట్‌లో పెట్టండి, అది మీ చేర్పు అని తెలుస్తుంది.

పండితులకు ఇచ్చిన శ్రద్ధే ఈ మాటలకూ ఇవ్వాలి. బ్రౌన్ నిఘంటువులోని అర్థానికి ఆరోపం దాకా చూపి, నేతకార్మికుడి మాటకు ‘కొందరు అంటారు’ అని సరిపెట్టిన గ్రంథాలు మన శాఖల్లో ఉన్నాయి. అది నాకు బాధ కలిగించే విషయం.

గ్రంథాలయమెట్లు

సంకేతాలు ఇచ్చేటప్పుడు ఊరి పేరూ సంఖ్యా కలిపితే ఒక చిన్న వాడలో మనిషిని గుర్తుపట్టే వీలుందేమో చూసుకోండి. అలాంటి చోట మండలం పేరు ఇవ్వడం క్షేమం.

దిద్దుబాటు

టైపు చేసేటప్పుడు ‘పు.’ తరువాత మామూలు ఖాళీ పెడితే ‘పు.’ ఒక పంక్తి చివర, ‘12’ తరువాతి పంక్తి మొదట పడతాయి. వర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్ నొక్కి ఉంచి స్పేస్ కొడితే విడిపోని ఖాళీ వస్తుంది. ‘వక్త 7’కూ, ‘అరణ్య. 4-142’కూ అదే వాడండి. ఇప్పటికే రాసిన అధ్యాయాలలో ‘పు.’ని వెదికి ఒకేసారి మార్చుకోవచ్చు. అయితే అన్నీ ఒక్కసారిగా మార్చే మీట నొక్కకండి, ఒక్కొక్కటిగా చూస్తూ మార్చండి, ‘పు.’ మరేదైనా సంక్షేపంలోనో పద్యంలోనో కూడా ఉండవచ్చు.

పడుగుపేక

అలాగే చేస్తానండి. పీఠికలో పెట్టవలసిన ఆ పేరాను రాసి పర్యవేక్షకులకు పంపుతున్నాను. కోలన్ రూపానికి అనుమతి వస్తే ఇక్కడ తెలియజేస్తాను. రాకపోతే ‘కృష్ణమూర్తి, గ్విన్‌లు (1985)’ అన్న రూపంతోనే మూడవ అధ్యాయం మొదలుపెడతాను.